ఫిన్‌టెక్ స్టార్టప్ ఎదుగుదలకు తగినట్టు నాయకత్వ తీరును ఎలా మలచుకోవాలి

చెల్లింపులు, అప్పులు, బీమా, పెట్టుబడులు వంటి సేవలను ఫోన్ ద్వారా అందించే సంస్థను, అంటే ఫిన్‌టెక్ స్టార్టప్‌ను, మీరు హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, విజయవాడలోనో మొదలుపెట్టి, పది పదిహేను మంది ఉద్యోగుల దశ దాటి వేగంగా విస్తరించాలని చూస్తున్నారనుకుందాం. పెట్టుబడి ఎలా తేవాలో, యాప్ ఎలా కట్టాలో చెప్పేవారు మీకు చాలామంది దొరుకుతారు. వ్యవస్థాపకుడు నిర్ణయాలు తీసుకునే తీరు, ఎదుటివారి మాట వినే తీరు, తప్పు జరిగినప్పుడు స్పందించే తీరు సంస్థ ఎదుగుదలను ఎలా శాసిస్తాయో చెప్పేవారు మాత్రం తక్కువ. ఆ తీరును ఎలా గుర్తించాలో, ఎక్కడ ఎంత మార్చుకోవాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను.

ఆర్థిక సేవల్లో ఈ విషయానికి మిగతా రంగాలకన్నా బరువు ఎక్కువ. దుస్తులు అమ్మే యాప్‌లో పొరపాటు జరిగితే కొన్నవారు సరుకు వాపసు చేస్తారు. మీ యాప్‌లో పొరపాటు జరిగితే ఒకరి జీతం డబ్బు మధ్యలో ఆగిపోతుంది, ఇంకొకరి పేరు చేయని ఎగవేతకు సిబిల్ నివేదికలోకి ఎక్కుతుంది. పైగా రిజర్వ్ బ్యాంక్ లైసెన్సు, భాగస్వామి బ్యాంకుతో ఒప్పందం, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆమోదం వంటి ఇతరుల అనుమతుల మీదే మీ వ్యాపారం నిలబడి ఉంటుంది కాబట్టి, వాటిలో ఏ ఒక్కటి ఆగినా ఎంత మంది వినియోగదారులున్నా ప్రయోజనం ఉండదు. అందువల్ల ఫిన్‌టెక్‌లో నాయకత్వాన్ని నేను రెండు ప్రశ్నలతో కొలుస్తాను. చెడ్డ వార్త కింది స్థాయి నుంచి మీ దాకా రావడానికి ఎంత సమయం పడుతోంది? ‘ఇది ఆపండి’ అనే అధికారం మీకు కాక ఇంకెవరికి ఉంది?

మొదటి దశ: మీ ప్రస్తుత తీరును రికార్డుల నుంచి తెలుసుకోండి

నాయకత్వ తీరుల్లో ఆజ్ఞాపించేది, అందరినీ కలుపుకొని పోయేది, జోక్యం చేసుకోకుండా వదిలేసేది అనే విభజన కొత్తది కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ బృందం 1939లోనే ఈ మూడింటినీ పోల్చి పరిశీలించింది. వీటిలో మీది ఏదని మిమ్మల్నే అడిగితే దాదాపు ఎవరైనా రెండోదే అంటారు. కాబట్టి మీ అభిప్రాయాన్ని పక్కనపెట్టి, గడిచిన మూడు నెలల్లో సంస్థలో జరిగిన ముఖ్య నిర్ణయాలన్నీ ఒక షీట్‌లో రాయండి. ఒక్కో నిర్ణయం ఎదుట దాన్ని ప్రతిపాదించింది ఎవరు, వ్యతిరేకించింది ఎవరు, ఆ వ్యతిరేకత వల్ల ఏమైనా మారిందా అన్న మూడు విషయాలు నింపండి. వ్యతిరేకించినవారి గడి వరుసగా ఖాళీగా ఉంటే అందరూ ఏకాభిప్రాయంతో ఉన్నారని సంతోషపడవద్దు. మీ ముందు నోరు విప్పడానికి జంకుతున్నారని అర్థం చేసుకోవడమే క్షేమం.

తరువాత, గడిచిన మూడు నెలల్లో జరిగిన తప్పులకు కూడా ఇలాంటి పట్టికే వేయండి. తప్పు మొదట ఎవరి కంటపడింది, ఎప్పుడు పడింది, మీకు ఎప్పుడు తెలిసింది అనే మూడు వివరాలు అందులో ఉండాలి. ఒక ఉదాహరణ ఊహించండి. ఆపరేషన్స్‌లో కొత్తగా చేరిన ఉద్యోగిని ఉదయం తొమ్మిదిన్నరకు భాగస్వామి బ్యాంకు పంపిన సెటిల్‌మెంట్ ఫైలును (చెల్లింపుల లెక్కను) మీ లెడ్జర్‌తో సరిపోలుస్తోంది. 4,312 రూపాయలు తేడా వచ్చాయి. మీరు ప్రతి లోపానికీ ‘ఎవరు చేశారు’ అని మొదట అడిగే మనిషైతే, ఆమె ఆ మొత్తాన్ని, లెక్క తేలని డబ్బును తాత్కాలికంగా చూపే సస్పెన్స్ ఖాతాలో వేసి, మర్నాటికి సర్దుకుంటుందని ఆశపడుతుంది. అన్నీ బృందానికే వదిలేసే మనిషైతే, ఆమె గ్రూపులో ఒక సందేశం పెడుతుంది, దాన్ని ఇరవై మంది చూస్తారు, చూసుకోవలసిన బాధ్యత మాత్రం ఎవరికీ ఉండదు. తేడా వచ్చిన గంటలోపు ఫలానా వ్యక్తికి చెప్పాలని, చెప్పినందుకు ఎవరూ ఏమీ అనరని ఆమెకు గట్టి నమ్మకం ఉంటేనే అసలు సంగతి పదిన్నరకల్లా బయటపడుతుంది: బ్యాంకు సర్వర్ ఆలస్యంగా జవాబివ్వడంతో మీ సిస్టమ్ ఒకే రీఫండ్‌ను రెండుసార్లు పంపింది. ఇవాళ నాలుగు వేలతో పోయే ఆ లోపం, పండగ అమ్మకాల రోజున లక్షల్లోకి వెళ్లేది.

ఈ వేగానికి చట్టపరమైన అవసరం కూడా ఉంది. సైబర్ భద్రతకు సంబంధించిన సంఘటనలు గమనించిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశాలు వెలువడ్డాయి. సంస్థలో చెడ్డ వార్త మూడు అంచెలు దాటి మీ దగ్గరకు రావడానికే రెండు రోజులు పడుతున్నప్పుడు ఆ గడువును పాటించడం అసాధ్యం.

రెండో దశ: నిర్ణయాలను విడదీసి, ఒక్కో రకానికి ఒక్కో తీరును నియమించుకోండి

సంస్థ మొత్తానికి ఒకే తీరు ఉండాలనుకోవడం దగ్గరే చాలామంది వ్యవస్థాపకులు చిక్కుకుంటారు. యాప్‌లో బటన్ ఎక్కడ ఉండాలి, తెలుగులో సందేశం ఎలా ఉండాలి, కొత్త ఫీచర్ ముందు ఏ జిల్లాలో పరీక్షించాలి వంటి, తప్పైనా వెనక్కి తీసుకోగల నిర్ణయాలను పూర్తిగా బృందానికి అప్పగించండి. వాటిపై మీరు అభిప్రాయం చెప్పినా అది ఆజ్ఞలాగే వినిపిస్తుంది కాబట్టి, అందరి మాటలూ అయ్యాకే మీరు మాట్లాడండి.

డబ్బు కదిలే నిర్ణయాలకు స్వేచ్ఛ పనికిరాదు. వినియోగదారుల డబ్బును విడిగా ఉంచే ఎస్క్రో ఖాతా నుంచి చెల్లింపు, రుణ పరిమితి మార్పు, యాప్ నిజంగా వాడే ప్రొడక్షన్ డేటాబేస్‌లో మార్పు వంటివి ఒకరు చేస్తే మరొకరు ఆమోదించాలి, ఆ నియమం మీకు కూడా వర్తించాలి. వ్యవస్థాపకుడు ‘అర్జంటు’ అని ఫోన్ చేసి ఒక్కసారి ఆ ఆమోదాన్ని దాటవేయించినా, నియమం కింది వాళ్లకే తప్ప పై వాళ్లకు కాదని ఆ రోజు సంస్థంతా నేర్చుకుంటుంది.

వినియోగదారుడికి నష్టం కలిగించగల నిర్ణయాలది మూడో రకం. అక్కడ ఆపే అధికారాన్ని మీ చేతిలోంచి తీసి మరొకరికి ఇవ్వాలి. ఆ సంగతి నాలుగో దశలో వస్తుంది.

ఈ విభజనను ఓపికగా పాటించిన సంస్థకు జెరోధా మంచి ఉదాహరణ. 2010లో బెంగళూరులో నితిన్ కామత్, నిఖిల్ కామత్ సోదరులు బయటి పెట్టుబడి లేకుండా ప్రారంభించిన ఈ బ్రోకింగ్ సంస్థ, 2015 డిసెంబరులో షేర్ల డెలివరీ లావాదేవీలకు బ్రోకరేజీని పూర్తిగా తీసేసింది. ఉద్యోగులకు అమ్మకాల లక్ష్యాలు పెట్టబోమని నితిన్ కామత్ ఎన్నోసార్లు బహిరంగంగా చెప్పారు. కోటికి పైగా ఖాతాదారులున్న ఈ సంస్థ సాంకేతిక బృందం ఏళ్లతరబడి 30 మందికి అటూ ఇటూగానే ఉంది. ఏది కట్టాలో, ఎలా కట్టాలో ఆ బృందమే తేల్చుకుంటుంది. ట్రేడింగ్‌లో వరుసగా నష్టపోతున్న వ్యక్తి తన ఖాతాను తానే కొంతసేపు స్తంభింపజేసుకునే ‘కిల్ స్విచ్’ సౌకర్యాన్ని కూడా జెరోధా తెచ్చింది. ట్రేడ్ జరిగితేనే ఆదాయం వచ్చే సంస్థ ట్రేడ్‌ను ఆపుకునే మీట వినియోగదారుడి చేతిలో పెట్టిందంటే, ఆ ఆలోచన చెప్పినవారికి లోపల ఎంత చోటు దొరికి ఉండాలో ఆలోచించండి. అయితే జెరోధాను ఉన్నదున్నట్లు అనుకరించడం అందరికీ సాధ్యం కాదు. మొదటి రోజు నుంచీ రుసుము వసూలు చేయగలిగే వ్యాపారం కాబట్టి వాళ్లు పెట్టుబడిదారుల గడువులకు లోబడకుండా నడవగలిగారు. 2020 జనవరి నుంచి ఎండీఆర్ (వ్యాపారి నుంచి వసూలు చేసే రుసుము) లేని యూపీఐ చెల్లింపుల మీద ఆధారపడ్డ సంస్థకు ఆ వెసులుబాటు ఉండదు.

మూడో దశ: మీరు పెట్టే లక్ష్యాలను క్షేత్రస్థాయికి వెళ్లి పరీక్షించండి

మీరు సమావేశాల్లో విలువల గురించి ఎంత బాగా మాట్లాడినా, సిబ్బంది మీ మనసును చదివేది నెలాఖరు ఇన్సెంటివ్ షీట్‌లోనే. దీన్ని తెలుసుకోవడానికి మనం అమెరికా ఉదాహరణలు వెతకనక్కర్లేదు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా చూసిందే చాలు.

విక్రమ్ ఆకుల 1997లో స్వచ్ఛంద సంస్థగా ప్రారంభించిన ఎస్‌కేఎస్, హైదరాబాద్ కేంద్రంగా దేశంలోనే పెద్ద సూక్ష్మరుణ సంస్థల్లో ఒకటిగా ఎదిగి, 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్లో నమోదైంది. పేద మహిళలకు అప్పు అందితే జీవితం మారుతుందన్న ఆశయం, దాన్ని ఆకర్షణీయంగా చెప్పగల నాయకుడు, వెనుక ప్రపంచ స్థాయి పెట్టుబడిదారులు ఉన్నారు. స్ఫూర్తినిచ్చే నాయకత్వం అని మనం పిలిచే లక్షణాలన్నీ అందులో కనిపిస్తాయి. అదే సమయంలో ఈ రంగంలోని సంస్థలన్నీ ఒకే గ్రామాల్లో పోటీపడ్డాయి. క్షేత్ర సిబ్బందికి ప్రోత్సాహకాలు ఎంతమంది సభ్యులను చేర్చారు, ఎంత వసూలు చేశారు అనేవాటితో ముడిపడ్డాయి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు రుణదాతల వారపు కిస్తీలు నడుస్తున్న సంగతి అందరికన్నా ముందు తెలిసేది వారం వారం ఆ గడప ముందు నిలబడే ఉద్యోగికే. ఆ మాటను పైకి చేర్చినందుకు అతనికి వచ్చేది ఏమీ లేదు, చేర్చకుండా ఇంకో సభ్యురాలిని నమోదు చేస్తే మాత్రం డబ్బులు వచ్చేవి.

వసూళ్ల ఒత్తిడి గురించి, ఆత్మహత్యల గురించి వార్తలు వెల్లువెత్తాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. సంస్థలు నమోదు చేసుకోవాలనీ, ఇళ్ల దగ్గర కాక గ్రామ పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ ప్రదేశాల్లోనే వసూలు చేయాలనీ నిర్దేశించింది. ఆ తరువాత రాష్ట్రంలో వసూళ్లు కుప్పకూలాయి. 2011 నవంబరులో విక్రమ్ ఆకుల సంస్థ నుంచి తప్పుకున్నారు. 2016లో సంస్థ భారత్ ఫైనాన్షియల్ ఇంక్లూజన్‌గా పేరు మార్చుకుని, 2019లో ఇండస్ఇండ్ బ్యాంకులో విలీనమైంది. రాజకీయ కారణాలు, స్వయం సహాయక సంఘాల రుణ పథకంతో పోటీ కూడా ఈ సంక్షోభంలో ఉన్నాయి, వాటిని కాదనను. అయినా, నాయకుడి ఆశయానికీ ఇన్సెంటివ్ షీట్‌కూ మధ్య దూరం ఎంత పెరిగితే ప్రమాదం అంత పెద్దదవుతుందన్నది మన ఊళ్లలోనే రుజువైంది.

పదేళ్ల తరువాత, 2020 డిసెంబరులో అప్పుల యాప్‌ల వేధింపులు భరించలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నప్పుడు, పోలీసులు హైదరాబాద్‌లోని కాల్ సెంటర్లపై కూడా దాడులు చేశారు. రిజర్వ్ బ్యాంక్ 2021 జనవరిలో కార్యాచరణ బృందాన్ని నియమించి, 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాల మార్గదర్శకాలను జారీ చేసింది. రుణం నేరుగా రుణగ్రహీత బ్యాంకు ఖాతాలోనే పడాలి, ఖర్చులన్నీ ముందే ఒక పత్రంలో చూపించాలి, యాప్ ఫోన్‌లోని కాంటాక్టుల జాబితాను తీసుకోకూడదు వంటి నియమాలు అలా వచ్చినవే.

మీరు చేయవలసింది ఇది. ప్రతి లక్ష్యం పక్కన, దాన్ని తప్పుడు దారిలో అందుకోవాలనుకునే ఉద్యోగి ఏం చేస్తాడో రాయండి. కేవైసీ పూర్తిచేసిన సంఖ్యకు ఇన్సెంటివ్ ఇస్తే మసక ఫొటోలను కూడా ఆమోదిస్తారు. వసూలైన శాతానికి ఇస్తే రాత్రి పదింటికి ఫోన్లు చేస్తారు. ఆ దారిని మూసే రెండో కొలమానాన్ని మొదటిదానికి జతచేయండి: వసూలు శాతంతో పాటు ఫిర్యాదుల సంఖ్య, ఆమోదించిన కేవైసీలతో పాటు మళ్లీ పరీక్షించినప్పుడు తేలిన లోపాలు. నెలకొకసారి మీరే స్వయంగా ఒక పూట కూర్చుని వసూళ్ల కాల్స్ రికార్డింగులు వినండి. వాటిని ఎంపిక చేసే పని వసూళ్ల మేనేజరుకు అప్పగించవద్దు. బయటి ఏజెన్సీకి అప్పగించిన కాల్స్ అయితే ఇంకా ఎక్కువ వినాలి, ఎందుకంటే అక్కడ మీ పేరుతో మాట్లాడేది మీరు ఎన్నడూ చూడని మనిషి.

నాలుగో దశ: కంప్లయన్స్ అధికారికి నిజమైన అధికారం ఇవ్వండి

తొలి దశలో వ్యవస్థాపకుడి మొండితనమే సంస్థను నిలబెడుతుంది. బ్యాంకులు అపాయింట్‌మెంట్ ఇవ్వని రోజుల్లో, కాదన్న ప్రతివాళ్లనూ ఒప్పించుకుంటూ వచ్చిన మనిషికి ‘కాదు’ అనే మాట దాటవలసిన అడ్డంకిగానే వినిపించడం సహజం. కానీ నియంత్రణ సంస్థ చెప్పే ‘కాదు’ అలాంటిది కాదు.

పేటీఎం పేమెంట్స్ బ్యాంక్‌లో జరిగిన వరుసను చూడండి. 2022 మార్చిలో కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. దాదాపు రెండేళ్ల తరువాత, 2024 జనవరి 31న, నిబంధనల ఉల్లంఘన కొనసాగుతోందని పేర్కొంటూ ఫిబ్రవరి 29 తరువాత కొత్త డిపాజిట్లు, టాప్-అప్‌లు నిలిపివేయాలని చెప్పింది. ఆ గడువును తరువాత మార్చి 15 వరకు పొడిగించింది. వ్యవస్థాపకుడు విజయ్ శేఖర్ శర్మ ఆ బ్యాంకు చైర్మన్ పదవి నుంచి వైదొలిగారు. పేటీఎం యాప్ ఇతర బ్యాంకుల ఆధారంగా యూపీఐ సేవలు కొనసాగించడానికి మార్చి 14న ఎన్‌పీసీఐ అనుమతించింది. దేశంలో డిజిటల్ చెల్లింపులను వీధి చివరి టీకొట్టు దాకా తీసుకెళ్లిన ఘనత ఆ సంస్థకు ఉంది. అంతటి సంస్థకైనా, మొదటి హెచ్చరికకూ రెండో ఆదేశానికీ మధ్య దొరికే కాలమే అన్నిటికన్నా విలువైనదని నేను అనుకుంటాను.

కాబట్టి మీ సంస్థలో నిబంధనలు పాటిస్తున్నారో లేదో చూసే కంప్లయన్స్ అధికారి అమ్మకాల అధిపతి కింద గానీ, కేవలం మీ కింద గానీ ఉండకూడదు. నేరుగా బోర్డుకు నివేదించగలగాలి, అతని జీతం పెంపు ఆ ఏడాది వ్యాపార వృద్ధితో ముడిపడకూడదు. కొత్త ఉత్పత్తి విడుదలను ఆపే హక్కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ నిర్ణయాన్ని తిరగదోడాలంటే మీ ఒక్కరి మాట చాలదు, కారణాలు మినిట్స్‌లోకి ఎక్కాలి. రిజర్వ్ బ్యాంక్ నుంచి గానీ భాగస్వామి బ్యాంకు నుంచి గానీ వచ్చిన ప్రతి ఉత్తరాన్ని అదే రోజు సహవ్యవస్థాపకులందరూ చదివేలా ఏర్పాటు చేసుకోండి. రేజర్‌పే వంటి పెద్ద సంస్థ కూడా పేమెంట్ అగ్రిగేటర్‌గా (వ్యాపారుల తరఫున ఆన్‌లైన్ చెల్లింపులు స్వీకరించే సంస్థగా) తుది అనుమతి వచ్చేదాకా, దాదాపు ఏడాదిపాటు, 2022 డిసెంబరు నుంచి 2023 డిసెంబరు వరకు కొత్త ఆన్‌లైన్ వ్యాపారులను చేర్చుకోకుండా ఆగవలసి వచ్చింది. అలాంటి కాలాన్ని తట్టుకునే నిధులు, ఓర్పు మీకు ఉన్నాయో లేదో చెప్పగలిగే మనిషి మీ బల్ల దగ్గర ఉండాలి.

ఐదో దశ: ఆజ్ఞాపించవలసిన రోజుకు ముందుగానే సిద్ధపడండి

సంప్రదింపుల తీరు ఎంత మంచిదైనా, కొన్ని గంటలు అది పనిచేయదు. 2020 మార్చి 5 సాయంత్రం రిజర్వ్ బ్యాంక్ యెస్ బ్యాంకుపై మారటోరియం (లావాదేవీలపై తాత్కాలిక ఆంక్షలు) విధించినప్పుడు, ఆ బ్యాంకునే యూపీఐ భాగస్వామిగా పెట్టుకున్న ఫోన్‌పే ఒక్కసారిగా నిలిచిపోయింది. సమీర్ నిగమ్ నేతృత్వంలోని ఆ సంస్థ అంతరాయాన్ని దాచకుండా బహిరంగంగా ప్రకటించి, దాదాపు ఒక్క రోజులోనే ఐసీఐసీఐ బ్యాంకు ద్వారా సేవలను పునరుద్ధరించింది. ఆ తరువాత ఒకటికి మించి బ్యాంకులతో పనిచేయడం మొదలుపెట్టింది. అంత పెద్ద మార్పు ఒక్క రోజులో జరగాలంటే ఆ రాత్రి ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి, మిగతావారు ప్రశ్నించకుండా చేయాలి. అలా ప్రశ్నించకుండా చేయడానికి కావలసిన నమ్మకం మాత్రం మామూలు రోజుల్లో ప్రశ్నించనిచ్చినప్పుడే పుడుతుంది.

ముందుగా ఒక పేజీలో రాసి పెట్టుకోండి: భాగస్వామి బ్యాంకు ఆగితే, డేటా బయటకు పొక్కితే, సర్వర్లు పడిపోతే ఆజ్ఞాపించేది ఎవరు, అతను అందుబాటులో లేకపోతే ఎవరు, వినియోగదారులకు తెలుగులో ఏం చెప్పాలి, ఎంతసేపట్లో చెప్పాలి, ఆ అత్యవసర అధికారం ఎప్పుడు ముగుస్తుంది. చివరి అంశాన్ని చాలామంది వదిలేస్తారు. సంక్షోభంలో తీసుకున్న అధికారాన్ని తిరిగి ఇవ్వకపోవడం వల్ల ఒక మంచి బృందం నెమ్మదిగా ఆజ్ఞ కోసం ఎదురుచూసే బృందంగా మారిపోతుంది.

ఆరో దశ: ఉద్యోగుల సంఖ్య పెరిగినప్పుడల్లా తీరును సరిచూసుకోండి

పది మంది ఉన్నప్పుడు అన్నీ మీకు తెలుస్తాయి, ప్రతి నిర్ణయం మీరే తీసుకున్నా నష్టం లేదు. యాభైకి చేరేసరికి మీ ఆమోదం కోసం ఆగిపోయిన పనులే వేగాన్ని తగ్గిస్తాయి. ఏ మొత్తం వరకు ఎవరు నిర్ణయించవచ్చో అప్పుడు కాగితం మీద పెట్టాలి. రెండు వందలు దాటాక కొత్తగా చేరినవారికి మీరు గోడ మీద ఫొటోలాంటి వ్యక్తి అవుతారు కాబట్టి, మీ తీరు మీ మేనేజర్ల తీరుగానే వాళ్లకు అందుతుంది. ఆ దశలో అమ్మకాల రికార్డు చూసి కాక, చెడ్డ వార్తను ఎంత త్వరగా పైకి చేర్చారో చూసి పదోన్నతులు ఇవ్వండి.

ఏడో దశ: బోర్డుతో మాట్లాడే తీరును కూడా మార్చుకోండి

పెట్టుబడిదారుల ముందు ప్రతి త్రైమాసికమూ పైకెళ్లే గీతే చూపించాలన్న తపన వ్యవస్థాపకుడిని లోపలివారి మాటకు చెవిటివాడిని చేస్తుంది. 2023 నవంబరులో రిజర్వ్ బ్యాంక్ పూచీకత్తు లేని వినియోగ రుణాలపై రిస్క్ వెయిట్‌ను (ఆ రుణాలకు ఎంత మూలధనం పక్కన పెట్టాలో తేల్చే కొలతను) 100 నుంచి 125 శాతానికి పెంచినప్పుడు, చిన్న రుణాల మీదే ప్రణాళికలు వేసుకున్న సంస్థలకు బ్యాంకుల నుంచి వచ్చే నిధులు బిగుసుకున్నాయి. ఇలాంటి మార్పు రావచ్చని మీ రిస్క్ బృందంలో ఎవరైనా ముందే అని ఉంటే, ఆ మాట బోర్డు దాకా వెళ్లిందా?

ప్రతి బోర్డు సమావేశంలో మొదటి అరగంటను వృద్ధి అంకెలకు కాక ఫిర్యాదులు, సెటిల్‌మెంట్ తేడాలు, నియంత్రణ సంస్థల ఉత్తరాలకు కేటాయించండి, ఆ భాగాన్ని మీరు కాక కంప్లయన్స్ అధికారి, ఆపరేషన్స్ అధిపతి సమర్పించనివ్వండి. వాళ్లు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో అందుకుని సర్దిచెప్పవద్దు. సమావేశం ముగిశాక వ్యవస్థాపకులు లేకుండా స్వతంత్ర డైరెక్టర్లు వాళ్లిద్దరితో పదిహేను నిమిషాలు విడిగా మాట్లాడే ఏర్పాటు చేయండి. ఆ సంభాషణలో ఏం జరిగిందో తరువాత వాళ్లను అడగవద్దు.